సంతకాలతో ఆగని సేఫ్టీ శిక్షణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విశ్వవిద్యాలయాల ల్యాబ్‌లలో భద్రత గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు. ఒకే సందేహం ఉన్నవాటిని కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: మా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో కొత్త ఎమ్మెస్సీ బ్యాచ్ రాగానే సేఫ్టీ ఓరియంటేషన్ అని గంటసేపు స్లైడ్లు చూపించి సంతకాలు తీసుకుంటాం. ఈ ఏడాది ఆ పని నాకు అప్పగించారు. నిజంగా పనికొచ్చేలా ఎలా చేయాలి?
– అసిస్టెంట్ ప్రొఫెసర్, తిరుపతి

సంతకాల కాగితం ఆడిట్ వచ్చినప్పుడు ఆదుకుంటుంది. కంట్లో యాసిడ్ పడ్డ పిల్లను ఆదుకోదు. స్లైడ్లను ఇరవై నిమిషాలకు కుదించండి. మిగతా శిక్షణంతా ల్యాబ్‌లోనే, ఎనిమిది పది మంది చొప్పున జట్లుగా, చేతులతో చేయించండి.

మొదట ఐవాష్, అంటే కంట్లో రసాయనం పడితే కడుక్కునే నీళ్ల ఏర్పాటు. ఒక విద్యార్థిని తన బెంచి దగ్గర నిలబెట్టి కళ్లు మూసుకోమనండి. పక్కవాళ్లు చెయ్యి పట్టుకుని ఐవాష్ దాకా తీసుకెళ్లి నీళ్లు తిప్పాలి. పది సెకన్లలో చేరాలన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న కొలమానం. మొదటిసారి ఎవరూ చేరలేరు. దారిలో స్టూళ్లు, గోడవార బ్యాగులు, ఐవాష్ ముందే ఎవరో పెట్టిన డిస్టిల్డ్ వాటర్ క్యాన్ అడ్డొస్తాయి. వాల్వు ఎటు తిప్పాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ అడ్డాలన్నీ అప్పటికప్పుడు వాళ్లచేతే తీయించండి. ఈ ఒక్క పని స్లైడ్లన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది.

తర్వాత గ్యాస్ మెయిన్ వాల్వు, కరెంటు మెయిన్ స్విచ్. ఎక్కడున్నాయో చూపించి వదిలేయకండి, ప్రతి ఒక్కరిచేతా ఆపించండి. బిగుసుకుపోయిన వాల్వు సంగతి బయటపడేది అప్పుడే.

మంటలార్పే సిలిండర్లను రీఫిల్లింగ్‌కు పంపే ముందు ఊరికే ఖాళీ చేయకుండా, బయట మైదానంలో పిల్లలచేత వాడించండి. పిన్ను లాగాలి, గొట్టం మంట అడుగుకు గురిపెట్టాలి, పిడి నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. చేతితో మోసే పౌడర్ సిలిండర్ అరనిమిషం కూడా రాదని అప్పుడే తెలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ రకానికి నల్లటి కొమ్ములాంటి గొట్టం ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుంటే చలికి చర్మం కాలినట్టవుతుంది, పైన ఉన్న పిడినే పట్టుకోవాలి. దానికి ప్రెషర్ గేజీ ఉండదు కాబట్టి నిండుగా ఉందో లేదో తూకం వేసి చూడటమే మార్గం. సోడియం, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ వంటివి అంటుకుంటే నీళ్లూ, కార్బన్ డయాక్సైడూ రెండూ పనికిరావు. పొడి ఇసుక బకెట్ ఉండాలి, అది నిజంగా పొడిగా ఉండాలి. వర్షాకాలంలో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

తర్వాత సేఫ్టీ డేటా షీటు, అంటే రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రం, చదివించడం. మీ షెల్ఫ్‌లోంచే ఒక్కో జట్టుకు ఒక సీసా ఇవ్వండి. షీటులో 16 భాగాలుంటాయి, అన్నీ చదవనక్కర్లేదు. నాలుగో భాగంలో ప్రథమ చికిత్స, ఆరులో ఒలికితే ఏం చేయాలి, ఎనిమిదిలో గ్లవ్స్ వివరం, పదిలో దేనితో కలపకూడదు అన్నవి ఉంటాయి. ఈ నాలుగూ వెతికి, తమ మాటల్లో తెలుగులో చెప్పమనండి. ఇంగ్లీషులో అప్పజెప్పినవాళ్లు చాలామంది తెలుగులో చెప్పేటప్పుడు తడబడతారు. అర్థం కానిది ఎక్కడో మీకు అక్కడ దొరుకుతుంది.

చివరిది, చాలాచోట్ల వదిలేసేది, పరిమాణం సంగతి. 2010 జనవరిలో అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో నికెల్ హైడ్రజీన్ పర్‌క్లోరేట్ అనే పేలుడు గుణమున్న పదార్థాన్ని ఒక పరిశోధక విద్యార్థి నూరుతుండగా పేలి మూడు వేళ్లు పోయాయి. ఆ గ్రూపులో పెట్టుకున్న హద్దు 100 మిల్లీగ్రాములు. అక్కడ తయారైంది 10 గ్రాములు, అంటే వంద రెట్లు. ఆ హద్దును నోటిమాటగా చెప్పారు తప్ప ఎక్కడా రాసిపెట్టలేదని అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తు తేల్చింది. కాబట్టి మీ పిల్లలకు ఒక నియమం రాతలో ఇవ్వండి: ప్రయోగాన్ని రెండు మూడు రెట్లకు మించి పెంచాలంటే గైడ్ సంతకంతో కొత్త ప్లాను కావాలి. ఎంత వేడి పుడుతుంది, ఎంత గ్యాస్ వస్తుంది, చల్లబరచడం ఆగిపోతే ఏమవుతుంది అన్న మూడూ అందులో ఉండాలి. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లోపల పుట్టే వేడి ఘనపరిమాణంతో పెరుగుతుంది, బయటికి పోయే వేడి ఉపరితలంతోనే పెరుగుతుంది. 50 మి.లీ. ఫ్లాస్కులో బుద్ధిగా నడిచిన చర్య రెండు లీటర్ల ఫ్లాస్కులో అదుపు తప్పేది అందుకే.

పరీక్ష పెట్టాలనుకుంటే ఆబ్జెక్టివ్ ప్రశ్నలు వద్దు. ఐవాష్ తిప్పగలిగినవాళ్లకే లాకర్ తాళంచెవి ఇస్తామనండి.

ప్రశ్న: సీసా మీద ఒకచోట 1, మరోచోట 3 అని ప్రమాద సంఖ్యలు కనిపిస్తాయి. ఏది ఎక్కువ ప్రమాదం?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్

రెండూ వేర్వేరు పద్ధతులు, లెక్క తలకిందులు. నీలం, ఎరుపు, పసుపు, తెలుపు గడులున్న డైమండ్‌లో 0 అంటే ప్రమాదం లేనట్టు, 4 అంటే అత్యంత ప్రమాదం. ఎర్ర అంచు బొమ్మలతో వచ్చే అంతర్జాతీయ లేబుల్ పద్ధతికి సంబంధించిన డేటా షీటులో 'కేటగిరీ 1' అంటే అన్నిటికన్నా ప్రమాదకరం, అంకె పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఈ రెండో పద్ధతి అంకె సాధారణంగా లేబుల్ మీద ఉండదు, షీటు రెండో భాగంలో ఉంటుంది. లేబుల్ మీద బొమ్మతోపాటు 'డేంజర్' అని ఉందా, 'వార్నింగ్' అని ఉందా చూడండి. 'డేంజర్' తీవ్రమైనది.

ప్రశ్న: కోటు వేసుకుంటే చున్నీ తీసేయాలా? పాలిస్టర్ కోటు ఉతకడానికి తేలిక కదా, అది చాలదా? నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని ఏ సాల్వెంట్ అయినా ముట్టుకోవచ్చా?
– పరిశోధక విద్యార్థినులు, విశాఖపట్నం

చున్నీ తీసి లాకర్లో పెట్టడం మేలు. తప్పదనుకుంటే కోటు లోపల ముడివేసి బొత్తాలన్నీ పెట్టుకోవాలి. జడ కూడా కోటు లోపలికి. ఓవర్‌హెడ్ స్టిర్రర్, వాక్యూమ్ పంప్ బెల్టు, వర్క్‌షాప్‌లో లేత్ వీటికి వేలాడేది ఏదైనా ఒకటే. చీర కట్టుకునే అధ్యాపకులకూ ఇదే వర్తిస్తుంది. మేడమ్ కొంగు వేలాడుతుంటే పిల్లలకు ఎన్ని చెప్పినా వినరు.

పాలిస్టర్ వద్దు. నూలు కాలితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు టెర్ట్ బ్యూటైల్ లిథియంను సిరంజితో తీస్తుండగా ప్లంజర్ ఊడి వచ్చింది. గాలి తగలగానే మండే ద్రవం అది. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు, ఒంటి మీద సింథటిక్ స్వెటర్ ఉంది. 18 రోజుల తర్వాత ఆస్పత్రిలో చనిపోయింది. ఇలాంటి ద్రవాలకు సిరంజిని సగానికి మించి నింపకూడదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే రెండు వైపులా మొనలున్న గొట్టపు సూది, అంటే కాన్యులా వాడాలి. ఒంటికి మంట అంటుకుంటే పరిగెత్తకుండా దగ్గర్లోని షవర్ కిందికి వెళ్లాలి, దూరమైతే నేల మీద దొర్లాలి.

గ్లవ్స్ విషయానికొస్తే, పెట్టెలో వందేసి వచ్చే పల్చటి నైట్రైల్ గ్లవ్స్ మందం సుమారు 0.1 మి.మీ. డైక్లోరోమీథేన్ వాటిగుండా ఒకటి రెండు నిమిషాల్లోనే చేతికి చేరుతుంది, ఎసిటోన్ కూడా ఎక్కువ సేపు ఆగదు. అవి చిందులకు మాత్రమే. తడిస్తే వెంటనే తీసి, చెయ్యి కడుక్కుని కొత్తవి వేసుకోవాలి. 1996లో డార్ట్‌మత్ కళాశాల ప్రొఫెసర్ కారెన్ వెటర్‌హాన్ చేతి గ్లవ్ మీద డైమిథైల్ మెర్క్యురీ అనే తీవ్ర విషమైన పాదరస ద్రవం చుక్కలు కొన్ని పడ్డాయి. ఆమె వేసుకున్నవి లాటెక్స్ గ్లవ్స్. ఆ ద్రవం వాటిని 15 సెకన్లలోపే దాటుతుందని తర్వాత పరీక్షల్లో తేలింది. 1997 జూన్‌లో ఆమె మరణించారు. గ్లవ్స్ ఎంపికకు తయారీదారు ఇచ్చే పట్టిక చూడాలి. రంగు చూసి, మందం చూసి తేల్చేది కాదు. ఇంకొక మాట: గ్లవ్స్‌తో తలుపు పిడి, లిఫ్ట్ బటన్, సెల్‌ఫోన్ ముట్టుకోకండి. మీ చేతికి అంటనిది మీ తర్వాత వచ్చేవాళ్ల చేతికి అంటుతుంది.

ప్రశ్న: మేడ మీది ట్యాంకు నుంచి ఐవాష్‌కు లైను ఇచ్చాం. ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. ఏం చేయాలి?
– ల్యాబ్ ఇన్‌చార్జి, ఖమ్మం

మన ఎండల్లో ఇది నిజమైన ఇబ్బంది, విదేశీ మాన్యువల్స్ చూసి కట్టినవాళ్లు పట్టించుకోనిది. ఐవాష్ నీళ్లు 16 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అంతకన్నా వేడైతే రసాయనం కంటిని ఇంకా వేగంగా తింటుంది. పైగా 15 నిమిషాలు కళ్లు తెరిచి పెట్టుకోవడం ఎవరివల్లా కాదు. నల్ల ట్యాంకు తీసి తెల్లది పెట్టడం, పైన రేకుల నీడ వేయడం, గోడ బయట ఎండలో పాకే పైపును లోపలి నుంచి తిప్పడం, కుదరకపోతే ఫోమ్ తొడుగు చుట్టడం, ఇవన్నీ తక్కువ ఖర్చు పనులు. అన్నిటికన్నా మంచిది భూమిలోపలి సంపు నుంచి చిన్న ప్రెషర్ పంపుతో విడి లైను. కరెంటు పోతే పంపు ఆగుతుంది కాబట్టి దాన్ని జనరేటర్ లైనుకు కలపండి.

ట్యాంకు సైజు కూడా లెక్కవేయండి. సేఫ్టీ షవర్ నిమిషానికి 75 లీటర్లు పోయాలి. 15 నిమిషాలకు 1,100 లీటర్ల పైమాటే. 500 లీటర్ల ట్యాంకు ఏడు నిమిషాలకే ఖాళీ. అదే ట్యాంకు మీద టాయిలెట్లు కూడా ఉంటే అంత సమయమూ దక్కదు. వారానికోసారి ఐవాష్ తిప్పి నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలి, తేదీ రాయండి. వాడని పైపులో పేరుకున్న తుప్పు, నాచు గాయపడ్డ కంట్లోకి వెళ్లకూడదు.

కంట్లో పడ్డప్పుడు రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని కడగాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే అది తీసేదాకా ఆగవద్దు, కడుగుతూనే తీయాలి. యాసిడ్‌కు విరుగుడని వంటసోడా నీళ్లు కంట్లో పోయకూడదు. క్షారం పడితే యాసిడ్ కన్నా జాగ్రత్త: మంట తక్కువ అనిపించినా లోతుకు దిగుతుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు డేటా షీటు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే, ముందు అద్దమున్న పెట్టె) ఆన్‌లోనే ఉన్నా గదిలో ఘాటు వాసన వస్తోంది. మోటారు మార్చినా తేడా లేదు.
– రీసెర్చ్ స్కాలర్, గుంటూరు

పైకి చూడండి, సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోందా? హుడ్ ముఖం దగ్గర గాలి సెకనుకు 0.4 నుంచి 0.6 మీటర్ల వేగంతోనే లోపలికి పోతుంది. ఫ్యాన్ గాలి దానికన్నా ఎంతో బలంగా వీస్తుంది, లోపలి ఆవిరిని బయటికి లాగేస్తుంది. హుడ్‌లో పని నడుస్తున్నప్పుడు దగ్గరి ఫ్యాన్ ఆపాలి, స్ప్లిట్ ఏసీ గాలి హుడ్ ముఖం మీదికి కొట్టకూడదు. హుడ్ ముందు నుంచి ఎవరైనా గబగబా నడిచినా ఇదే జరుగుతుంది.

రెండో కారణం లోపల సామాను. వెనక ఉండే చీలికలకు అడ్డంగా సీసాలు పేర్చితే గాలికి దారి ఉండదు. హుడ్ అలమరా కాదు. పాత్రను అంచు నుంచి కనీసం 15 సెం.మీ. లోపలికి జరపండి, అద్దాన్ని గుర్తు పెట్టిన ఎత్తు దాకా, సుమారు 45 సెం.మీ. వరకు దించండి. టిష్యూ పేపర్ ముక్క అతికిస్తే గాలి కదులుతోందని మాత్రమే తెలుస్తుంది. వేగం తెలియాలంటే ఏడాదికోసారి ఎనిమోమీటర్‌తో కొలిపించాలి. పర్‌క్లోరిక్ ఆమ్లాన్ని మామూలు హుడ్‌లో మరిగించవద్దు. డక్ట్‌లో పర్‌క్లోరేట్లు పేరుకుని, ఎప్పుడో మరమ్మతుకు వచ్చినవాళ్లు సుత్తితో తట్టితే పేలతాయి. దానికి నీటితో కడిగే ఏర్పాటున్న హుడ్ వేరే ఉంటుంది.

ప్రశ్న: లిక్విడ్ నైట్రోజన్ డ్యువర్‌ను (అతి చల్లటి ద్రవం ఉంచే పాత్రను) మూడో అంతస్తుకు లిఫ్ట్‌లో తీసుకెళ్తాం. వెంట మనిషి ఉండకూడదంటున్నారు. నైట్రోజన్ విషం కాదు కదా?
– బయోటెక్నాలజీ విద్యార్థి, హైదరాబాద్

విషం కాదు, కానీ ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. మైనస్ 196 డిగ్రీల వద్ద ఉండే ఈ ద్రవం ఒక లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. పది లీటర్లు ఒలికితే 7 ఘనపు మీటర్లు. మామూలు లిఫ్ట్ పెట్టె మొత్తం 5 ఘనపు మీటర్లు ఉంటుందనుకోండి, మీరు పీల్చే గాలి ఎక్కడుందో మీరే లెక్కవేయండి. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదిలో అదే ఒలికితే ఆక్సిజన్ 21 నుంచి 16 శాతం దాకా పడిపోతుంది. 19.5 శాతం వద్దే అలారం మోగాలి. ఊపిరాడని బాధ మనకు తెలిసేది కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల. ఇక్కడ అది పేరుకోదు కాబట్టి హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పుతుంది. కింద ఒకరు డ్యువర్‌ను లిఫ్ట్‌లో పెట్టి 'ఎవరూ ఎక్కవద్దు' అని బోర్డు తగిలించి పంపాలి, పైన మరొకరు అందుకోవాలి. మధ్య అంతస్తుల్లో లిఫ్ట్ ఆగకుండా తాళం ఉంటే ఇంకా మంచిది. పడిపోయినవాళ్లను లాగడానికి ఒక్కరే లోపలికి దూకవద్దు. అలా వెళ్లినవాళ్లూ పడిపోతారు.

డ్యువర్ మూత వదులుగా ఉండాలి, బిగిస్తే పగులుతుంది. ద్రవంలో మునిగిన క్రయో వయల్స్‌ను, అంటే నమూనాలు గడ్డకట్టించి దాచే చిన్న సీసాలను, బయటికి తీసేటప్పుడు ముఖానికి షీల్డు తప్పనిసరి. లోపలికి దూరిన నైట్రోజన్ వ్యాకోచించి వయల్ పేలుతుంది.

ప్రశ్న: సేఫ్టీ ట్రైనింగ్‌కు స్కాలర్లను మాత్రమే పిలుస్తారు. గాజు సామాను కడిగేది, వ్యర్థాలు మోసేది మేం. మాకు ఎవరూ చెప్పరు.
– ల్యాబ్ అటెండర్, అనంతపురం

మీ ప్రశ్న ముందు మీ హెచ్ఓడీ చదవాలి. ఏ సీసాలో ఏముందో స్కాలర్‌కు తెలుసు, ఎత్తేది మాత్రం మీరు. కాబట్టి శిక్షణ మీకే ముందు, అదీ తెలుగులో, సీసాలు ఎదురుగా పెట్టి ఇవ్వాలి. ఈలోగా మీరు పట్టుబట్టి అడగదగ్గవి ఇవి.

వాడిన పాత్రను స్కాలరే ఒకసారి తగిన సాల్వెంట్‌తో కడిగి, ఆ కడిగిన ద్రవాన్ని వ్యర్థాల క్యాన్‌లో పోసి ఇవ్వాలి. సింక్‌లోకి వచ్చే పాత్రలో చుక్క రసాయనం కూడా ఉండకూడదు. పేరు రాయని సీసాను ముట్టుకోనని చెప్పండి, అది మీ హక్కు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండున్నర లీటర్ల సీసాలో ద్రవమే నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు తూగుతుంది. సీసా మెడ పట్టి మోస్తే ఆ మెడ విరుగుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి, కింద ఒక చెయ్యి వేసి మోయాలి. పగిలిన గాజుకు చెత్తబుట్ట వద్దు, మందపాటి అట్టపెట్టె విడిగా పెట్టమనండి.

అన్నిటికన్నా ప్రమాదం వ్యర్థాలు కలపడంలో ఉంది. నైట్రిక్ ఆమ్లం ఉన్న క్యాన్‌లో ఎసిటోన్ గానీ స్పిరిట్ గానీ పడితే మొదట ఏమీ కానట్టే ఉంటుంది. కొంతసేపటికి వేడెక్కి గోధుమరంగు పొగ వస్తుంది, మూత బిగించి ఉంటే క్యాన్ పగులుతుంది. రాత్రి తాళం వేశాక గదిలో జరిగే పేలుళ్లలో ఇలాంటివి ఉంటాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన పిరాన్హా ద్రావణం కూడా అంతే, చల్లారాక కూడా ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. దాన్ని మూత పెట్టి దాచకూడదు. అందుకని యాసిడ్లు, క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు, మిగతా సాల్వెంట్లు, పాదరసం వంటి లోహాలు ఉన్నవి వేర్వేరు క్యాన్లలో, తెలుగులో రాసిన చీటీతో ఉండాలి. క్యాన్ పైన పదో వంతు ఖాళీ వదలాలి. వాటిని డ్రెయిన్‌లో పోయించకూడదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకుండా అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. తెలంగాణలో దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖ దగ్గర పరవాడలో అలాంటివి ఉన్నాయి.

ప్రశ్న: ఆగస్టులో టీచింగ్ అసిస్టెంట్‌గా అమెరికా వెళ్తున్నాను. ల్యాబ్ తాళంచెవి ఇచ్చే ముందే సేఫ్టీ ట్రైనింగులు పూర్తిచేయాలని మెయిల్ వచ్చింది. ఏముంటాయి?
– విజయవాడ

అక్కడ 1990లో వచ్చిన ల్యాబొరేటరీ స్టాండర్డ్ అనే కేంద్ర నిబంధన ఉద్యోగులను కాపాడుతుంది. జీతం తీసుకునే టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్లు ఆ లెక్కలోకి వస్తారు. అందుకే మిమ్మల్ని వదలరు. ప్రతి ల్యాబ్‌కూ కెమికల్ హైజీన్ ప్లాన్ అనే పత్రం వర్తించాలి, దాన్ని చదివి సంతకం చేస్తారు. ఆన్‌లైన్ పాఠాలు తేలికే. వాటి తర్వాత మీ ల్యాబ్‌కే ప్రత్యేకమైన శిక్షణ అడిగి తీసుకోండి, అసలు ఉపయోగం అందులోనే. వ్యర్థాల డబ్బా మీద మొదటి చుక్క పడక ముందే 'హజార్డస్ వేస్ట్' అని రాసి లోపలి రసాయనాల పేర్లు రాయాలి. పోసేటప్పుడు తప్ప మూత తెరిచి ఉంచకూడదు. తనిఖీల్లో ఎక్కువగా దొరికేది ఈ మూతే. చిన్న చిందు పడినా చెప్పండి, చెబితే గైడ్ తిడతాడేమోనని మన పిల్లలు దాచుకుంటారు.

ప్రశ్న: రిటైరైన ప్రొఫెసర్ గది ఖాళీ చేస్తున్నాం. పాత ఈథర్ సీసాలు, పేర్లు చెరిగిపోయినవి, పసుపు పొడి ఉన్న ఒక సీసా, సీసంతో చేసిన బరువైన డబ్బా ఒకటి ఉన్నాయి. పాత సామానుగా వేలం వేయవచ్చా?
– స్టోర్స్ గుమాస్తా, హైదరాబాద్

వద్దు. మొదట గదికి తాళం వేయండి. ఈథర్ గాలితో కలిసి పెరాక్సైడ్లు తయారవుతాయి. మూత చుట్టూ గానీ అడుగున గానీ స్ఫటికాలు కనిపిస్తే మూత తిప్పినా పేలవచ్చు. పసుపు పొడి పిక్రిక్ ఆమ్లమైతే, ఎండిపోయినప్పుడు అది పేలుడు పదార్థమే, మూత మరలో ఇరుక్కున్న పొడి చాలు. ఈ రెండిటినీ కదిలించకుండా, ఎన్నున్నాయో దూరం నుంచి ఫొటో తీసి, పోలీసుల బాంబ్ స్క్వాడ్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి తెలపండి.

సీసం డబ్బాలో రేడియోధార్మిక మూలకం ఉండవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాఖలో 1985 నుంచి వాడని గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో వేలంలో పాత ఇనుముగా అమ్మారు. మాయాపురి చెత్త దుకాణాల్లో దాన్ని విడగొట్టేసరికి లోపలి కోబాల్ట్-60 బయటపడి ఏడుగురు ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. మీ డబ్బా మీద మూడు రెక్కల గుర్తు ఉన్నా లేకపోయినా తెరవకండి, తూకం కోసం కూడా కదపకండి. విశ్వవిద్యాలయంలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉంటే ఆయనచేత సర్వే మీటర్‌తో కొలిపించండి. లేకపోతే ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలికి రిజిస్ట్రార్ పేరుతో రాయండి. పాత స్టాక్ రిజిస్టర్‌లో కొన్న సంవత్సరం, మూలకం పేరు, బలం ఎంత అన్నవి దొరికితే ఆ పేజీ నకలు జతచేయండి.